చెవి కోసిన పిల్లి

పిల్లిని చంపితే పాపం. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఊర్లో అడిగినా చెప్తారు. పిల్లిని చంపినోడు బంగారంతో పిల్లిని చేయించి, కాశీకి పోయి దానం ఇచ్చి రావాల, లేకుంటే ఆ పాపం వదలదు. అందుకని మనోళ్ళు పిల్లిని చంపరు. గోతంలో కుక్కి, మూతి బిగించి కట్టి, బండి మీద తీసుకపోయి పాత పలకల క్వారీలో పడేసి వస్తారు. లోపల అది గాలాడక చచ్చినా, ఎండకు ఉడికి చచ్చినా, చంపింది వాళ్ళు కాదు కదా! ఎండ చంపింది. దేవుడు చంపినాడు. వీళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కొని అన్నానికి కూచుంటారు.

శివపార్వతికి ఒళ్ళు మండేది ఇక్కడే. కర్రతో కొట్టి చంపినోడి మీద కూడా ఆమెకు ఇంత కోపం రాదు. వాడు కనీసం చేసిన పనిని తన కళ్ళతో చూస్తాడు.

ఆమె మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద జాకెట్లు కుడుతుంది. ఆమె, ఆటో తోలే విక్టర్, ఇంకొంతమంది కలిసి 'మూగనోరు' అని ఒక గుంపు పెట్టుకున్నారు. పడేసిన పిల్లుల్ని తెచ్చుకోవాల, మందులేయించాల, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల, సాకుతామన్న ఇంటికి అప్పజెప్పాల. అదే వాళ్ళ పని. కుట్టు మిషన్ పక్కన బుట్టలో ఎప్పుడూ నాలుగు కూనలు అరుస్తుంటాయి. "నీ దగ్గర కుట్టించుకుంటే జాకెట్‌కు బొచ్చు ఫ్రీగా వస్తాది శివపార్వతీ" అని ఎగతాళి చేసే ఆడోళ్ళకు, "లైనింగ్ ఖర్చు మిగిలింది కదక్కా, ఇంకేం కావాల" అనకుండా ఆమె నోరు ఊరుకోదు.

ఎండాకాలం మొదట్లో విక్టర్‌కు ఫోనొచ్చింది. చేసింది ఓబులయ్య. ఆయనది బేస్తవారిపేట పోయే దారిలో ఊరు. గొర్రెల మనిషి. తన గొర్రెలు కొన్ని, మిగతావి ఊరోళ్ళవి. ఊరోళ్ళవి పాలుకు మేపుతాడు. అంటే పుట్టిన పిల్లల్లో సగం ఆయనకు, సగం గొర్రెల ఆసామికి. ఈ బేరానికి కాగితం ఉండదు, మనిషి మీద నమ్మకం ఒక్కటే. ఆ పొద్దు మందను క్వారీ పక్కగా తోలుకపోతుంటే గుంతలో నుంచి అరుపు వినపడింది. దిగి చూస్తే గోతం. కదుల్తా ఉంది.

శివపార్వతి పోయేసరికి ఆయన మూతి విప్పి, తలగుడ్డ పరిచి, నీడలో పెట్టినాడు. మూడు రంగుల తల్లి పిల్లి. దాని పొట్ట కింద కళ్ళు తెరవని కూనలు. రెండు ఊపిరి తీస్తున్నాయి. మూడు బిర్రబిగుసుకొని ఉన్నాయి. తల్లికి ఆ తేడా పట్టలేదు, చచ్చినవాటిని కూడా నాకుతా ఉంది. వాటిని దాని దగ్గర నుంచి తీసినందుకు శివపార్వతి ముంజేయి రక్కింది. పలకరాతి నేలలో గుంత కూడా సరిగ్గా పడలేదు. విక్టర్ ఆటో జాకీ రాడ్డుతో పొడిచి పొడిచి తవ్వినాడు.

"ఈ పిల్లి ఎవురిదో తెలుసా చిన్నాయనా?" అని అడిగింది ఓబులయ్యను.

"ఎవురిదో మనకేం తెలుసమ్మా" అని ఆయన గొర్రెల దిక్కు తిరిగినాడు.

కూనలకు దూదితో పాలు పట్టి సాకినారు. అవి కళ్ళు తెరిచి, గెంతడం నేర్చుకున్నాక అడిగేవాళ్ళు వచ్చినారు. పిల్లిని అడగొచ్చే జనం సంగతి చెప్పుకోవాల. "తెల్లది లేదా?" "మగది లేదా?" "ఆపరేషన్ చేసినారా? అట్లయితే ఎలకల్ని పడ్తాదా?" కొడుక్కు సంబంధం చూసేదానికి వచ్చినట్టు నోరు తెరిచి పళ్ళు చూసినోడు కూడా ఉన్నాడు. శివపార్వతి సగం మందిని గుమ్మంలో నుంచే పంపించేసింది. చివరికి కూనలు రెండూ పొదిలిలో ఒక టీచరమ్మ ఇంటికి పోయినాయి. తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. ఈనిన పిల్లి, చెవి తెగిన పిల్లి ఎవరికి కావాల?

చెవి తెగింది అంటే, కోయించింది శివపార్వతే. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తు దిగకముందే డాక్టరు ఎడమ చెవి కొసను రవ్వంత కత్తిరిస్తాడు. దూరం నుంచి చూస్తూనే దీనికి అయిపోయిందని తెలియాల, మళ్ళీ పట్టుకొచ్చి కడుపు కోయకూడదు. అందుకు అది గుర్తు. ఎక్కడైనా ఇదే పద్ధతి.

ఒకనాడు ఓబులయ్య, ఆయన భార్య మస్తానమ్మ బస్సు దిగి వచ్చినారు. "ఆ తల్లిని మాకియ్యమ్మా" అనింది మస్తానమ్మ. "చచ్చిన పిల్లల్ని కూడా వదలకుండా పండుకొని ఉన్నిందంట కదా. అట్లాంటిది ఇంట్లో తిరగతా ఉంటే బాగుంటాది." పిల్లుల్ని ఇయ్యడం మొదలుపెట్టినప్పటి నుంచి శివపార్వతి విన్న మాటల్లో ఇంత మంచి మాట ఇంకోటి లేదు. వాళ్ళిల్లు చూసి, మనసు నిండి, ఇచ్చి వచ్చింది.

రెండు నెలలు తిరక్కముందే మస్తానమ్మ ఫోన్.

"శివపార్వతీ, మీ చిన్నాయన్ను దొంగని చేసినారే."

"ఎవురు? ఏం దొంగతనం?"

"పిల్లి దొంగంట. ఆ పిల్లి గంగయ్యోళ్ళదంట. గంగయ్య అమ్మ మా గోడ మీద చూసి గుర్తుపట్టింది. వాళ్ళ పిల్లిని పట్టుకొచ్చి, చెవి కోసి, మాది చేసుకున్నామంట. పొద్దున్నే ఊరోళ్ళు వచ్చి ఎవరి గొర్రెలు వాళ్ళు తోలుకపోయినారు. దొడ్డి బోసిపోయిందమ్మా. ఆయన అన్నం ముట్టలా. సాయంత్రం పాల కేంద్రం దగ్గరికి రమ్మన్నారు, పంచాయితీ."

శివపార్వతికి ముందు ఏమీ అర్థం కాలేదు. మస్తానమ్మ విడమరిచి చెప్తే తెలిసింది. ఆ ఊర్లో గొర్రెకైనా మేకకైనా చెవి కోతే గుర్తు. ఒక్కో ఇంటికి ఒక్కో కోత, ఒకరికి నిలువు కోత, ఒకరికి కొస కోత. దొరికిన జీవాన్ని ముందు ఊర్లో చాటాల. ఎవరూ నాదని రాకపోతేనే చెవికి కత్తి తగలాల. చాటకుండా కోసినోడు దొంగ. అట్లాంటి ఊర్లో, అట్లాంటి ఇంటికి, చెవి కోసిన పిల్లిని తానే తీసుకపోయి ఇచ్చింది! ఓబులయ్య ఇంటిది కూడా కొస కోతే అని ఆమెకేం తెలుసు? బ్లౌజు చేతులు కత్తిరించే మనిషికి గొర్రెల చెవుల భోగట్టా ఎట్ల తెలుస్తాది?

"విక్టర్, బండి తియ్యి" అనింది ఫోన్లో. "ఇంటి దగ్గరుండే ఆపరేషన్ పిల్లుల్ని కూడా వేసుకో."

"పిల్లులెందుకక్కా పంచాయితీకి?"

"సాక్ష్యానికి."

పాల కేంద్రం వరండాలో జనం నిండి ఉన్నారు. ఆంజనేయులు, అంతకుముందు సర్పంచిగా చేసినాయన, కుర్చీలో కూచొని ఉన్నాడు. పక్కన ఇంకో కుర్చీలో గంగయ్య తల్లి వెంకటలక్ష్మమ్మ. గంగయ్య స్తంభానికి ఆనుకొని ఫోన్ చూసుకుంటున్నాడు. ఊర్లో పెద్ద సేద్యం, విత్తనం శెనక్కాయల వ్యాపారం ఆయనవే. ఓబులయ్య కింద, మెట్టు మీద, తల వంచుకొని కూచున్నాడు. మస్తానమ్మ పిల్లిని కొంగులో చుట్టి చంకన పెట్టుకొని నిలబడింది.

"వచ్చినారబ్బా పిల్లుల లాయర్లు" అన్నాడు వెనక నుంచి ఒకడు. నవ్వినారు.

"నవ్వండి, నవ్వండి" అనింది శివపార్వతి. "ఇంకాసేపటికి నవ్వు రాదు."

ఆంజనేయులు చెయ్యెత్తినాడు. "నిదానం అమ్మా. చిన్న విషయం. పిల్లిని వాళ్ళది వాళ్ళకు ఇచ్చేసి, ఓబులయ్య తప్పయిందంటే అయిపాయె."

"చిన్న విషయమైతే మీ గొర్రెల్ని ఎందుకు తోలుకపోయినారు పెద్దాయనా?"

ఆంజనేయులు సర్దుకొని కూచున్నాడు. "అది వేరే. చెవి కోసినాడు కదా. ఈ పొద్దు పిల్లి చెవి, రేపు నా గొర్రె చెవి."

"చెవి కోసింది ఆయన కాదు. నేను కోయించినా. ఆస్పత్రిలో."

"ఆస్పత్రిలో సూదేస్తారు గానీ చెవులు కోస్తారంటమ్మా?" అన్నాడు ఇంకొకాయన. మళ్ళీ నవ్వులు.

విక్టర్ ఆటోలో నుంచి టమాటా క్రేట్లు దించి వరండా మీద పెట్టినాడు. పైన కట్టిన వల విప్పి, ఒక్కో పిల్లిని మెడ పట్టి ఎత్తి చూపించినాడు. "ఇది గిద్దలూరు బస్టాండ్ది. ఎడమ చెవి చూడండి. ఇది పొదిలిది. ఎడమ చెవి. ఇది మా వీధి చర్చి కాంపౌండ్లో పుట్టింది. దీనిది కూడా ఎడమ చెవే. ఓబులయ్య బాబాయ్ గొర్రెలు తోలుకుంటా గిద్దలూరు పోయి ఒకటి, పొదిలి పోయి ఒకటి, చర్చిలో దూరి ఒకటి కోసొచ్చినాడా? ప్రార్థనకు కూడా రాని మనిషి!"

ఈసారి నవ్వు వేరే దిక్కుకు పోయింది. చర్చి పిల్లి విక్టర్ చొక్కా జేబు చింపి క్రేటులోకి దూకింది. ఆంజనేయులు లేచి వచ్చి, వంగి, మూడు చెవులూ చూసి, మస్తానమ్మ చంకలో పిల్లి చెవి కూడా చూసినాడు. గొర్రెలు పెట్టినోడి కన్ను. ఒకే చేతి కోత అని తెలిసిపోయింది.

"సరే. కోత ఓబులయ్యది కాదు. ఒప్పుకున్నా. పిల్లి సంగతి ఏంది మరి?"

"పిల్లి మాదే!" అనింది వెంకటలక్ష్మమ్మ. కుర్చీలో నుంచి లేచింది. "నా చేత్తో పాలు పోసి పెంచినా. ఆ తోక కొస వంకర చూడు, తలుపులో పడి నలిగింది, నేనే పసుపు కట్టినా. మా విత్తనాల గదిలో ఈనింది. శెనక్కాయలుండే గది, మూటల మధ్యన పెట్టుకుంది పిల్లల్ని. మరుసటి నాడు చూస్తే తల్లీ లేదు, పిల్లలూ లేవు. పిల్లి పిల్లల్ని ఇళ్ళు మారుస్తాది లేమ్మా అన్నాడు మా గంగడు. నేనూ అదే అనుకున్నా. ఇన్నాళ్ళకు వీళ్ళ గోడ మీద కనపడింది."

శివపార్వతి గంగయ్య దిక్కు చూసింది. గంగయ్య ఫోన్లో నుంచి తల ఎత్తలేదు. ఫోన్లో ఏమీ లేదు కూడా, తెర నల్లగా ఉంది.

అప్పుడు ఆమెకు అంతా తెలిసింది. పొద్దుట్నుంచి మండుతున్న కోపం ఉన్నట్టుండి చల్లబడి గట్టిపడింది. క్వారీలో వాళ్ళు పొడిచిన పలకరాయి లెక్క.

"అవ్వా, ఇది మీ పిల్లేనని గట్టిగా చెప్తావా? మళ్ళీ మాట మార్చవు కదా?"

"నా కొడుకు మీద ఒట్టేసి చెప్తా. నాకెందుకమ్మా అబద్ధం?"

"గంగయ్య మామా, మీ అమ్మ చెప్పేది నిజమేనా?"

"అమ్మ చెప్తాంటే మళ్ళీ నన్నడుగుతావేంది?"

"నువ్వు చెప్పు. నీ నోటితో. పిల్లి మీదేనా?"

గంగయ్య చుట్టూ చూసినాడు. తల్లి ఆయన మొహం చూస్తా ఉంది. "మాదే. అయితే ఏందంట?"

"అయితే వినండి." శివపార్వతి ఆయన వైపు తిరగలేదు, జనం వైపు తిరిగింది. "ఈ పిల్లి మాకు గోడ మీద దొరకలా. క్వారీ గుంతలో, గోతంలో దొరికింది. కళ్ళు తెరవని కూనల్తో సహా. పురికొసతో మూతి ఇట్ల మెలేసి కట్టి ఉన్నింది. అది విప్పింది ఈ ఓబులయ్య. మూడు కూనలు చచ్చినాయి. వాటిని పూడ్చింది నేను. పిల్లి వీళ్ళదైతే ఆ చచ్చినవి కూడా వీళ్ళవే. ఎవురు కట్టినారు మామా ఆ గోతం?"

పాల క్యాన్ ఒకటి ఎవరి కాలికో తగిలి పడింది.

"చిన్నాయనా!" ఆమె కోపం ఓబులయ్య మీదికి కూడా మళ్ళింది. "గోతం సంగతి నువ్వెందుకు చెప్పలా? నిన్ను దొంగంటాంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

ఓబులయ్య మెట్టు మీద వేలితో ఏదో గీకినాడు. "చెప్తే ఒకరి మీద వేసినట్టు అయితాదమ్మా. పెద్దామె ఉంది కదా. ఆమెకు తెలిస్తే తట్టుకోలేదు."

"నీకు తెలుసన్నమాట!"

"గోతం మీద వాళ్ళ విత్తనాల ముద్ర ఉన్నింది" అన్నాడు మెల్లగా.

గంగయ్యకు అప్పుడు నోరు లేచింది. "నేనేం చంపలేదు. గదిలో పాడు చేస్తా ఉంది, వదిలిపెట్టి వచ్చినా. ఊర్లో అందరూ చేసేదే. ఇందులో చేతులెత్తండి, ఎవురు వదల్లేదో! ఆంజనేయులు బావా, నువ్వు వదల్లేదా పోయినేడు?"

ఆంజనేయులు గోడ చూసినాడు. ఎవరూ చేయి ఎత్తలేదు.

"వదిలిపెట్టేవాడు మూతి కట్టడు మామా" అనింది శివపార్వతి. గొంతు పెంచలేదు. "చేరేదాకా కడ్తావు, సరే. అక్కడికి పోయినాక విప్పొచ్చు కదా? ఒక్క ముడి. ఆ ఒక్క ముడి విప్పేదానికి మీ ఊర్లో ఏ మగోడికీ తీరిక లేదు. విప్పితే అది బయటికొచ్చి మొహం చూస్తాది, అందుకని భయం. పాపం తగలకుండా పని కావాల మీకు. చేతికి రక్తం అంటకుంటే చాలు, చచ్చేది ఎట్ల చచ్చినా ఫరవాలేదు."

వెంకటలక్ష్మమ్మ కొడుకు దగ్గరికి నడిచిపోయింది. కొడుతుందేమో అనుకున్నారు. కొట్టలేదు. "నా చేత నీ మీదనే ఒట్టేయించినావు కదరా" అనింది. అని, మస్తానమ్మ దగ్గరికి వచ్చి పిల్లి వీపు మీద చెయ్యి పెట్టింది. పిల్లి గుర్తుపట్టి, తల ఆ చేతికి రుద్దింది. "నాకియ్యమ్మా. నా దగ్గరే, నా మంచం కాళ్ళ దగ్గరే పెట్టుకుంటా. కాశీకి పోయే శక్తి నాకు లేదు. దీన్నన్నా సాకుతా."

మస్తానమ్మ శివపార్వతి దిక్కు చూసింది. శివపార్వతి తల అడ్డంగా ఊపింది.

"నీ మీద కోపం లేదవ్వా. నువ్వు వచ్చి చూసుకుంటే చూసుకో, ఒళ్ళో పెట్టుకుంటే పెట్టుకో. ఆ ఇంటికి మాత్రం ఇయ్యను. గోతాలున్న ఇల్లది."

ముసలామెకు కన్నీళ్ళు వచ్చినాయి. చూసేవాళ్ళకు శివపార్వతి రాతి మనిషి అనిపించింది. అనిపించనీ. కన్నీళ్ళు చూసి పిల్లుల్ని ఇచ్చుంటే ఈపాటికి అవన్నీ క్వారీలోనే ఉండేవి.

ఆంజనేయులు కుర్చీ వెనక్కి నెట్టినాడు. "సరే, తేలిపాయె. పిల్లి ఓబులయ్య దగ్గరే ఉండనీ. పొండి, పాల టైమయింది."

"ఎక్కడ తేలింది?" శివపార్వతి మెట్లకు అడ్డం నిలబడింది. "పిల్లిది తేలింది. మనిషిది? గంగయ్య మామా, పిల్లిని పడేసింది నువ్వు. అది నీకు తెలుసు. ఈ మనిషి దొంగ కాదని ఈ ఊర్లో అందరికన్నా ముందు తెలిసినోడివి నువ్వే. ఆయన దొడ్డి ఖాళీ చేస్తాంటే పక్కనే నిలబడి నీ గొర్రెలు నువ్వు కూడా తోలుకున్నావు. పిల్లిని పడేసినందుకు నిన్ను నేనేం చేయలేను, చట్టం ఉన్నా స్టేషన్లో నవ్వుతారు. దీనికి మాత్రం వదల్ను. ఓబులయ్య దొంగ కాదని చెప్పు."

"చెప్పినట్టే కదా."

"చెప్పలా. చెప్పు."

"ఓబులయ్య దొంగ కాదు. సరేనా?" అన్నాడు బండి తాళం తీసుకుంటా.

"వెనకోళ్ళకు వినపడలా."

గంగయ్య మొహం కందగడ్డయింది. ఎవరన్నా తన తరపున మాట్లాడతారేమో అని చూసినాడు. కన్నతల్లే ముందుకొచ్చి "చెప్పరా, గట్టిగా చెప్పు" అనింది. అప్పుడు చెప్పినాడు, పాల కేంద్రం లోపల లెక్కలు రాసుకునేవాడు కూడా బయటికొచ్చి చూసేంత గట్టిగా. చెప్పి, బండి ఎక్కి పోయినాడు. వెంకటలక్ష్మమ్మ ఆ బండి ఎక్కలేదు. నడుచుకుంటానే పోయింది.

జనం జరుగుతున్నారు. ఆంజనేయులు ఓబులయ్య భుజం మీద చెయ్యి వేసినాడు. "ఏమనుకోకబ్బా. మాట మీద మాటొచ్చింది. పొద్దున వచ్చి నా గొర్రెల్ని తోలుకపో. మిగతావాళ్ళకు కూడా చెప్తాలే."

"సరే అన్నా" అన్నాడు ఓబులయ్య. ఆ ముక్క వింటూనే శివపార్వతికి మళ్ళీ తల తిరిగింది. ఇంత జరిగినాక సరే అన్నా! ఆమె నోరు తెరిచేలోపల మస్తానమ్మ పిల్లిని విక్టర్ చేతికిచ్చి ముందుకొచ్చింది. అంతసేపూ ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఈయన రాడు" అనింది. "తోలుకపోయేదానికి మా దొడ్డికి దారి తెలిసింది కదా మీకు. తెచ్చేదానికీ అదే దారి. పొద్దున్న కాదు, ఇప్పుడే. మీరే తోలుకొచ్చి, మీ చేత్తోనే దొడ్లో వదలండి. అందరూ చూడాల. లేకుంటే మాకొద్దు మీ గొర్రెలు, కూలికి పోయి బతుకుతాం."

"నేనెక్కడ తోలతా ఆడమనిషీ, నాకు నడుం నొప్పి..." అన్నాడు ఆంజనేయులు.

"పొద్దున లేదు కదా నడుం నొప్పి."

ఊర్లో గొర్రెలు మేపే మనిషి ఇంకొకడు లేడు. వానలు లేవు, మందలు నల్లమల దిక్కు తోలాల్సిన రోజులు. చివరికి ఆంజనేయులు పంచె ఎగ్గట్టుకొని పోయినాడు.

పొద్దు వాలేసరికి వీధిలో దుమ్ము లేచింది. మాజీ సర్పంచి ఊరోళ్ళ మందనంతా తోలుకొస్తున్నాడు. తోలడం ఎక్కడొస్తాది? "హేయ్, హేయ్" అని ముందు నుంచి అరుస్తాడు, అవి వెనక్కి తిరుగుతాయి. ఒక పొట్టేలు గంగయ్య ఇంటి సందులోకి దూరింది. రెండు గొర్రెలు ఎవరి అరుగో ఎక్కి తోరణం మామిడాకులు నమిలినాయి. ఆయన పంచె ఊడి, ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో కర్ర ఊపుతా, చెమటలు కక్కుతా ఉరుకుతున్నాడు. ఇళ్ళల్లో నుంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు.

ఓబులయ్యకు ప్రాణం ఒప్పలేదు. "సూడి గొర్రెలున్నాయే అందులో, అట్ల ఉరికించకూడదు" అని లేవబోయినాడు.

"కూచో" అనింది మస్తానమ్మ.

"ఒక్క ఈల వేస్తే చాలు, అన్నీ..."

"కూచోమంటున్నా కదా."

ఆయన కూచున్నాడు.

"పోదామా అక్కా? పిల్లులకు ఆకలి" అన్నాడు విక్టర్.

"ఆగు" అనింది శివపార్వతి. చేతులు కట్టుకొని దొడ్డి తడిక పక్కన నిలబడి ఉంది. కోపం ఇంకా దిగలేదు, దిగేది కూడా కాదు. "చివరి గొర్రె లోపల పడేదాకా చూసే పోదాం."